‘పట్టుకో’ అన్నది ఎవరిని?

మా కండక్టరమ్మ మనుషులందరినీ ‘నువ్వు’ అంటుంది. కుక్కని మాత్రం ‘మీరు’ అంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కోర్టులో దీన్ని నమ్మించేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను ఆవిడ బస్సుకి డ్రైవర్ని. బస్సు ఆవిడదేం కాదు గానీ, అందులో ఎక్కినవాళ్ళెవరూ ఆ మాట పైకి అనలేదు. ఉద్యోగం చేసినంత కాలం ఆ గొంతుని వీపుకి తగిలించుకుని బండి నడిపాను. “ముందుకి జరుగు! ఇంకా జరుగు! నిన్ను అక్కడ మేకులు కొట్టి బిగించారా, జరుగు!” బడిపిల్లయినా, ఇస్త్రీ మడత నలగని ఆఫీసరైనా, కర్ర ఊతం పట్టుకున్న తాతయినా ఆవిడకి అందరూ ఏకవచనమే. ఒకసారి ఒక కాలేజీ మేష్టారు టికెట్టు చేతిలోకి తీసుకుని, “తీసుకో కాదమ్మా, తీసుకోండి అనాలి” అన్నాడు. “ఆ ‘ండి’ కూడా కావాలంటే దానికి వేరే టికెట్టు తీసుకో” అంది. బస్సు బస్సంతా గొల్లుమంది. నవ్వు ఆపుకోలేక నేను స్టాపు దాటించేశాను. ఆ తిట్లు కూడా నాకే పడ్డాయి, ఏకవచనంలోనే.

ఆవిడ నోట అన్నిటికంటే ఎక్కువగా విన్నది ‘పట్టుకో’ అనే మాట. మలుపు వచ్చే ముందు, గుంత వచ్చే ముందు, నా కాలు బ్రేకు మీద పడబోయే ముందు ఒక్క కేక వినిపించేది. నా కాలి సంగతి నాకంటే ముందు ఆవిడకే తెలిసేదనుకుంటాను. ఆ కేకకి బస్సులోని చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేచి రాడ్డుని పట్టుకునేవి. నన్నేనా, పక్కవాణ్ణా అని ఆలోచించినవాడు లేడు. ఆలోచించే వ్యవధి ఉండదు మరి. ఆవిడ మాత్రం దేన్నీ పట్టుకోకుండా, సీటు అంచుకి నడుము ఆనించి, టికెట్లు చింపుకుంటూ పోయేది.

ఉద్యోగంలో ఆవిడ ‘మీరు’ అన్నది ఒక్కరినే, చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని. ఆయన ఎక్కితే చాలు, “రండి సార్, చూసుకోండి సార్” అనేది. ఆ గొంతు విన్నప్పుడల్లా నేను అద్దంలోకి చూసేవాణ్ణి, మా కండక్టరమ్మ ఎక్కడన్నా దిగిపోయి ఆ సంచీ తగిలించుకుని వేరే ఎవరన్నా ఎక్కారేమోనని.

ఇక కుక్క. మా డిపోలో గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి తిరుగుతుండేది. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉండేది. బస్సు ఆగగానే తలుపు దగ్గరికి వచ్చి, దిగేవాళ్ళ చేతులూ సంచులూ ఒక్కొక్కటే వాసన చూసి వదిలేది. ఎంత తొందరలో ఉన్నవాణ్ణీ ఊరికే పోనిచ్చేది కాదు. “చెకింగుగారు వచ్చారు, టికెట్టు చూపించి దిగు” అని కండక్టరమ్మ వేళాకోళం చేసేది. ఆవిడ రిటైరైన రోజున ఆ కుక్కపిల్ల వెంటపడి ఇంటిదాకా వచ్చేసింది. వేళాకోళానికి తగిలించిన ‘గారు’ కూడా దాంతోపాటే ఇంట్లోకి వచ్చి స్థిరపడిపోయింది. “చెకింగుగారూ, భోజనానికి రండి.” “చెకింగుగారూ, సోఫా దిగండి, మర్యాదగా చెప్తున్నాను.” వేళాకోళం ఎప్పుడు అలవాటైందో, అలవాటు ఎప్పుడు ప్రేమైందో ఆవిడకే తెలీదు. భర్త పోయాక, కూతురు అత్తారింటికి వెళ్ళాక, ఆ ఇంట్లో ఆవిడ మాటకి తల తిప్పి చూసేది ఆయన ఒక్కడే. చూశారా, నాక్కూడా ఆయన అనే వచ్చేసింది.

చెకింగుగారు పెరిగారు. ఎంత పెరుగుతారో ఎవరమూ అనుకోలేదు. దూడంత అయ్యారు. ఉద్యోగం మాత్రం మానలేదు. కండక్టరమ్మ ఇల్లు మేడ మీద. బయటినుంచి ఇనప మెట్లున్నాయి, పక్కన గొట్టం కమ్మీ ఉంది. ఎదురింటి కింద వాటా నాది. నా వరండాలోంచి ఆ మెట్లు మొత్తం కనిపిస్తాయి. ఎవరు మెట్టెక్కినా చెకింగుగారు పైనుంచి దడదడమని దిగి, వాళ్ళ చేతులు వాసన చూసి, ఆమోదించి పంపేవారు. పాల ప్యాకెట్లు వేసే అమ్మాయి కింద గేటుకే సంచీ తగిలించి పరుగు తీసేది. మీటరు చూసే అతను నా దగ్గరికొచ్చి, “మొన్నటి కంటే ఓ వంద ఎక్కువ రాసుకోమంటారా అండీ, పైకెళ్ళడం నావల్ల కాదు” అనేవాడు. పైనుంచి కండక్టరమ్మ కేక పెట్టేది.

“ఏం చెయ్యరులే, నువ్వు రా!”

ఏం చెయ్యరట! కుక్కని పెంచేవాళ్ళందరికీ ఈ ఒక్క మాట నోట్లోనే ఉంటుంది. కండల కుక్క పళ్ళు బయటపెట్టి గుర్రుమంటుంటే వెనకాల నిలబడి చిరునవ్వుతో ‘ఏం చెయ్యదండీ’ అంటారు. ఆ సంగతి కుక్కతో ఎవరు సంతకం పెట్టించుకున్నారో నాకు అర్థం కాదు. “గొలుసు కట్టవమ్మా తల్లీ” అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. “చెకింగుకి గొలుసేంటి డ్రైవరూ? కట్టేస్తే డ్యూటీ ఎట్లా చేస్తారు?” అని నవ్వేసేది. నాకు అప్పుడూ ఒళ్ళు మండింది, ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

ఇప్పుడు వియ్యంకుడుగారి సంగతి చెప్పాలి. కండక్టరమ్మ కూతురి మామగారు ఆయన. కళ్ళజోళ్ళ షాపుంది. మేమందరం చాటున ఆయన్ని ‘గారుగారు’ అంటాం. ఫోను తీస్తే “ఆఁ, కళ్ళజోళ్ళ షాపు ఓనరుగారిని మాట్లాడుతున్నాను” అని తనకు తనే గారు తగిలించుకునే మనిషి. చెడ్డవాడు కాడు. చూపు ఆనని పిల్లలు షాపులోకి వస్తే జోడు చేతిలో పెట్టి పంపేస్తాడు. ఆ పిల్లలు ‘థాంక్స్ అంకుల్‌గారూ’ అనేదాకా మాత్రం జోడు వదలడు.

పెళ్ళికి ముందు కూతురు తల్లిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. “అమ్మా, నువ్వు ప్రపంచాన్నంతా ఏమన్నా అను. మావయ్యగారిని మాత్రం అండీ అనాలి.” కండక్టరమ్మ కూతురి కోసం నాలుక తిప్పుకుంది. ఆయన వస్తే, “రా...ండి అన్నయ్యగారూ. కూర్చో... ండి” అనేది. ఆ ‘ండి’ కదిలిన బస్సు వెనకాల పరిగెత్తుకొచ్చే ప్రయాణికుడిలా కొంచెం ఆలస్యంగా వచ్చి ఎక్కేది. గారుగారు కూడా అది ఎక్కేదాకా ఆగి, అప్పుడు కూర్చునేవాడు. ఈ లెక్కన ఆవిడ జీవితంలో ‘మీరు’ అనిపించుకున్నవాళ్ళు చెకింగ్ ఇన్‌స్పెక్టరు, కుక్క, ఆ తర్వాత వియ్యంకుడు. ఇదే వరస అని పాపం ఆయనకి తెలీదు.

ఆ రోజు మనవరాలి పుట్టినరోజు. అమ్మమ్మ ఇంట్లో చేద్దామని పిల్ల పట్టుబట్టింది. కూతురూ అల్లుడూ పిల్లా ముందే వచ్చేశారు. సాయంత్రం గారుగారు పెద్ద కేకు డబ్బా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని గేటు తీసుకుని వచ్చాడు. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టాడు. చెకింగుగారు డ్యూటీకి దిగారు. చేతులు వాసన చూద్దామంటే చేతుల మధ్య కేకుంది. ముట్టె డబ్బా మీదకి వెళ్ళింది. గారుగారు డబ్బాని తల మీదకి ఎత్తాడు. చెకింగుగారు ముందుకాళ్ళు పైమెట్టు మీదనుంచి ఎత్తారు. గారుగారు వెనక్కి ఊగాడు.

పైన గుమ్మంలోకి వచ్చిన కండక్టరమ్మ ఒక్క కేక పెట్టింది.

“పట్టుకో!”

నిజం చెప్తున్నాను, నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. ఇంటి లోపల అల్లుడు ఫ్రిజ్ పట్టుకున్నాడట. గారుగారు మాత్రం ఏదీ పట్టుకోలేదు. ఒక క్షణం అలాగే నిలబడి, మెడ తిప్పి, తర్వాత దబ్బున కింద పడ్డాడు. పడటం పడటం, అప్పుడే పక్కనుంచి కిందికి దూకిన కుక్క తోక మీద, దాని వెనక కాలి మీద మొత్తం బరువేసి పడ్డాడు. చెకింగుగారు ఒక్క అరుపు అరిచి ఆయన పిక్క పట్టేశారు. నేను పరిగెత్తుకెళ్ళి విడిపించేసరికి రక్తం కారుతోంది. నేను ఆయన్ని లేపి ఆటో పిలిచేలోపు చెకింగుగారు కేకు ముగించారు.

ఆస్పత్రి, కుట్లు, సూదులు అన్నీ అయ్యాయి. గాటు లోతైనదే. నవ్వుతాలు కాదు. కండక్టరమ్మ ఏడ్చుకుంటూ వెళ్ళింది. “అన్నయ్యగారూ, క్షమించు... క్షమించండి” అంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నొప్పి వల్ల అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఆయన్ని సలిపేది పిక్క కాదు, ఆ మాట. మెట్ల మీద తను తప్ప ఎవరూ లేరు. ‘పట్టుకో’ అన్నది తననే అయితే, కోడలి పుట్టింట్లో, కోడలూ కొడుకూ మనవరాలూ వింటుండగా, వియ్యపురాలు తనని ‘నువ్వు’ అన్నట్టు. అది ఆయన గొంతు దిగలేదు. మంచం మీద పడుకుని పడుకుని ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. ఆ మాట తనని అన్నది కాదు, కుక్కని అన్నది. ‘ఉస్కో’ అన్నట్టే ‘పట్టుకో’ అని ఆవిడే ఉసిగొల్పింది!

వినడానికి మీకు నవ్వొస్తుందేమో గానీ, ఆయనకి ఇది ఊరట. పిక్క పోతే పోయింది, గారు మిగిలింది. నేరుగా పోలీసు స్టేషనుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ ఫిర్యాదు ఎంత దూరం పోతుందో కండక్టరమ్మకి లాయరమ్మ చెప్పింది. లాయరమ్మ చిన్నదే, చురుకైనది. మా పాత రూట్లోనే కాలేజీకి వెళ్ళేదట. రాడ్డు పట్టుకోవడం కండక్టరమ్మ దగ్గరే నేర్చుకున్నానంది.

“చూడండి ఆంటీ. కుక్కని విప్పి వదిలేశారంటే అది నిర్లక్ష్యం. జరిమానా, వైద్యం ఖర్చు, గొలుసు, మూతికి చిక్కం, అంతవరకే. కావాలనే ఉసిగొల్పారంటే మాత్రం మీ మీద కేసు వేరే ఉంటుంది. కుక్కని ప్రమాదకరమైనదని ప్రకటిస్తారు. వ్యాను వచ్చి తీసుకుపోతుంది.”

“తీసుకుపోయి?”

లాయరమ్మ చెకింగుగారి వైపు చూసి, గొంతు తగ్గించింది. “అక్కణ్ణుంచి కుక్కలు తిరిగి రావు ఆంటీ.”

“మరి నువ్వే చెప్పు, ఏం చెయ్యాలి?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పట్టుకో అన్నది మీ వియ్యంకుడుగారిని అని.”

అదే కుదరని పని. ఎందుకంటే దానికి ముందురోజే కూతురు వచ్చి వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి ఏడ్చి వెళ్ళింది. “ఇంట్లో మావయ్యగారు ఎవరితోనూ మాట్లాడట్లేదమ్మా. భోజనం కూడా గదిలోకే పట్టుకెళ్తున్నారు. ఆయన్ని ‘నువ్వు’ అన్నానని మాత్రం నలుగురిలో ఒప్పుకోకు. నీకు కుక్క పోతుంది, నాకు ఇల్లు పోతుంది.” అందుకే స్టేషన్లో అడిగితే కండక్టరమ్మ ‘గుర్తులేదు’ అంది. ఎప్పుడో టికెట్టు వెనక రాసిచ్చిన చిల్లర బాకీ కూడా గుర్తుపెట్టుకునే మనిషి, గుర్తులేదంది.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి నేల మీద కూర్చుని చెకింగుగారి చెవి నిమురుతోంది, ఆ వాలిపోయిన చెవిని. “మిమ్మల్ని కూడా పట్టుకుపోతే నేనిక ఎవరితో మర్యాదగా మాట్లాడాలండీ?” అంటోంది. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత, ఎందుకు దాచాలి, కళ్ళు మండాయి.

కోర్టు మొదటి రోజు సాక్షిని నేను. ఎదుటి లాయరు సన్నగా పొడుగ్గా ఉన్నాడు, మాటకో వేలు ఎత్తుతాడు.

“ఆవిడ కుక్కని మీరు అంటుందంటారు?”

“అంటుందండీ.”

“మిమ్మల్ని?”

“నువ్వు అంటుందండీ.”

“అంటే ఆవిడ దృష్టిలో మీకంటే కుక్క ఎక్కువన్నమాట!”

“ఆ సంగతి నాకు మొదట్నించీ తెలుసండీ” అన్నాను.

జడ్జిగారు నవ్వు దాచుకోవడానికి కాగితాలు ఎత్తి పట్టుకున్నారు. ఆవిడ నడివయసు మనిషి, చూడగానే భయపెట్టే రకం కాదు గానీ తేలిగ్గా మోసపోయే రకం కూడా కాదు. ఎదుటి లాయరు వదల్లేదు. “మేడమ్, ప్రపంచంలో ఎవరైనా కుక్కని అండీ అంటారా? ఎవరైనా వియ్యంకుడిని నువ్వు అంటారా? ఇది చిన్నపిల్లవాడికైనా తెలిసిన మర్యాద. పట్టుకో అనే మాట కుక్కకే!” అన్నాడు. వినడానికి చాలా సబబుగా ఉంది. అదే మా ఖర్మ. జడ్జిగారు కాసేపు ఆలోచించి, వచ్చే వాయిదాకి కుక్కని తీసుకురమ్మన్నారు.

వాయిదా రోజున చెకింగుగారు మూతికి చిక్కంతో, మెడకి గొలుసుతో, కోర్టు హాల్లోకి నడిచి వచ్చారు. మొదటి వరసలో వాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. కండక్టరమ్మ గొలుసు బంట్రోతు చేతికిచ్చి బోనులోకి వెళ్ళింది. నోరెత్తొద్దని ఆవిడకి జడ్జిగారి ఆజ్ఞ. ఎదుటి లాయరు దూరంగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

“కూర్చో!”

చెకింగుగారు ఆయన్ని టికెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశారు.

“లే! ఛీ, లేచే ఉందిగా. రా! ఇటు రా! పట్టుకో! ఉస్... పట్టుకో!”

చెకింగుగారు ఆవులించారు. చిక్కంలోంచి ఆవులించడం కష్టం, అయినా ఆవులించారు. తర్వాత బంట్రోతుని లాక్కుంటూ లాయరు చేతి వాసన చూద్దామని బయల్దేరారు. లాయరు బల్ల వెనక్కి ఒక్క గెంతు గెంతి, “మేడమ్, రక్షణ, రక్షణ!” అన్నాడు. హాలంతా లేచి నిలబడింది.

“ఏంటీ గోల? అందరూ కూర్చోండి!” అన్నారు జడ్జిగారు.

అందరికంటే ముందు కూర్చున్నది చెకింగుగారు. వెనక కాళ్ళు మడిచి, తోక సర్దుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఆయన తర్వాత లాయరు కూర్చున్నాడు.

నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. జడ్జిగారికి అనుమానం తీరలేదేమో, మెల్లగా “లేవండి” అన్నారు. లేచారు. “కూర్చోండి.” కూర్చున్నారు. ఎదుటి లాయరు మాత్రం ఊరుకోలేదు. “మేడమ్, అలిసిపోయి కూర్చుంది. కుక్క కూర్చోవడం సాక్ష్యం అవుతుందా? ఆవిడ నోటితో చెప్పమనండి!”

జడ్జిగారు బోను వైపు తిరిగారు. “చెప్పమ్మా. ఆ రోజు పట్టుకో అన్నది ఎవరిని?”

లాయరమ్మ ముందే నేర్పి పెట్టింది, జడ్జిగారిని చూసి చెకింగ్ ఇన్‌స్పెక్టరు అనుకోమని, మర్యాద దానంతటదే వస్తుందని. కండక్టరమ్మ కూతురి వైపు చూసింది. కూతురు తల దించుకుంది. కుక్క వైపు చూసింది. కుక్క ఆవిడనే చూస్తోంది, నిలబడ్డ చెవితో ఒకలా, వాలిపోయిన చెవితో ఒకలా. ఈసారి కూడా గుర్తులేదంటుందేమో అనుకున్నాను.

“ఆయన్నే అన్నానండీ” అంది.

హాల్లో ఎక్కడో ఎవరో చప్పరించారు. కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వియ్యంకుడుగారిని, ఏకవచనంలో?”

“మనిషి పడిపోతున్నాడు మేడమ్. ఆ ‘ండి’ వచ్చేదాకా ఆగితే కిందుంటాడు. నా బస్సులో ఎంతమందిని అట్లా అరిచానో. ఒక్కరూ పడలేదు. పడకూడదనే అరుస్తాం గానీ, తక్కువ చెయ్యడానికి అరుస్తామా?” అక్కడ ఆగి, గొంతు తగ్గించింది. “అయినా తప్పు నాదే. కుక్కని విప్పి మెట్ల మీదకి వదిలింది నేను. ఏం చెయ్యరు, ఏం చెయ్యరు అని ఊరందరికీ చెప్పింది నేను. చేశారుగా మరి. దానికి నన్నేమన్నా అనండి. మా చెకింగుగారిని తీసుకుపోకండి.”

“అబద్ధం!” గారుగారు లేచాడు. కర్ర ఊతం మీద నిలబడి, ముఖం ఎర్రగా చేసుకుని ఊగిపోతున్నాడు. “అబద్ధం మేడమ్! మా వియ్యపురాలుగారు నన్ను అలా అనరు. ఎన్నడూ అనలేదు. అది కుక్కనే అన్నది! నాకు తెలుసు!”

వింతేంటంటే, ఆ నిమిషాన ఆవిడ మర్యాదని ఆవిడకంటే గట్టిగా కాపాడుతున్నది ఆయనే. జడ్జిగారు పెన్ను పక్కన పెట్టారు.

“సరే. పట్టుకో అని వినపడగానే మీరేం చేశారు?”

“నేనా? వెనక్కి తిరిగి చూశానండీ.”

“పడిపోతూ వెనక్కి తిరిగి చూశారా? ఎందుకు?”

“ఎవర్ని అంటున్నారో చూద్దామని. నా వెనకాల ఎవరన్నా...” ఆయన ఆగాడు.

“ఎవరన్నా ఉన్నారా?”

“లేరండీ.”

“కుక్క ఎక్కడుంది?”

“ముందుంది.”

“కుక్కని అన్నారని అప్పుడే అనిపిస్తే ముందుకి చూస్తారు కదా. వెనక్కి చూశారంటే, ఎవరో మనిషిని అన్నారనే కదా మీకు అనిపించింది. మీ పక్కనే కమ్మీ ఉంది. వెనక్కి తిరిగే బదులు చెయ్యి చాపి ఉంటే?”

అంతలో ఎక్కడో వెనక బెంచీలో ఒక నవ్వు పొడుచుకొచ్చింది, ఆపుకోబోయి ఆగని నవ్వు. ఎవరా అని చూస్తే ఆయన కోడలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది ఏడుపుకి కాదా ఏంటి అనుకున్నాను. ఏడుస్తూనే నవ్వుతోంది. ఆమె నవ్వు చూసి ఆయన చాలాసేపు ఆమె వైపే చూశాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. ఈసారి ఎవరూ ‘కూర్చోండి’ అనకుండానే కూర్చున్నాడు.

తీర్పు చెప్పారు. ఉసిగొల్పలేదు. కుక్క ప్రమాదకరమైనది కాదు, యజమాని నిర్లక్ష్యం ప్రమాదకరమైనది. జడ్జిగారు ఆ మాట కండక్టరమ్మ కళ్ళలోకి చూసి చెప్పారు, అదీ నవ్వకుండా. వైద్యం ఖర్చంతా ఆవిడే భరించాలి, జరిమానా కట్టాలి. కుక్క గుమ్మం దాటితే గొలుసు ఉండాలి, గొలుసు చివర మనిషి ఉండాలి. మెట్ల కింద తలుపు పెట్టించాలి. ‘ఏం చెయ్యదు’ అనే మాట యజమాని ఇచ్చే హామీ కాదు, ఎదుటివాళ్ళకి కలగాల్సిన నమ్మకం అన్నారు. గేటుకి బోర్డు కూడా పెట్టాలన్నారు. అన్నీ తలూపి విన్న కండక్టరమ్మకి అక్కడ సందేహం వచ్చింది.

“బోర్డు మీద కుక్క ఉంది అని రాయాలా మేడమ్, కుక్క ఉన్నారు అని రాయాలా?”

“ఉన్నారని రాస్తే ఎవరో పెద్దమనిషి అనుకుని లోపలికి వచ్చేస్తారు. ఉంది అనే రాయించండి” అన్నారు జడ్జిగారు, ఈసారి కాగితాలు అడ్డం పెట్టుకోకుండా నవ్వుతూ.

బయటికొచ్చాం. కోర్టు ముందు ఎత్తైన రాతి మెట్లు, పక్కన ఇనప కమ్మీ. గారుగారు ఎవరి చెయ్యీ అందుకోకుండా, కొడుకుని కూడా దగ్గరికి రానీయకుండా, కర్ర పొడుచుకుంటూ ముందు దిగుతున్నాడు. వీపు చూస్తేనే తెలుస్తోంది, మనిషి ఎంత చిన్నబోయాడో. నాకు జాలేసింది. ఇంతకాలం ఆయన మీద వేసిన జోకులన్నీ ఒక్కసారి గుర్తొచ్చి మరీ జాలేసింది. కండక్టరమ్మ పై మెట్టు మీద నిలబడి ఆ వీపునే చూస్తోంది. గెలిచిన మనిషిలా లేదు. ఒక చేతిలో గొలుసు ఉంది గానీ, చూపంతా ఆయన మీదుండేసరికి పట్టు వదులైపోయింది. కింద ఎవరిదో చేతిసంచీ కనపడగానే చెకింగుగారు డ్యూటీకి ముందడుగు వేశారు.

అదే నిమిషాన గారుగారి కర్ర మెట్టు అంచున జారింది.

“పట్టుకో!”

కోర్టు ఆవరణలో చెట్టు మీది కాకులు లేచిపోయాయి. నేను పక్కనున్న గుమస్తా భుజం పట్టుకున్నాను. గారుగారు వెనక్కి తిరగలేదు. ఎవరినా అని చూడలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి కమ్మీని గట్టిగా పట్టుకుంది. కర్ర మాత్రం టకటకమని కిందిదాకా దొర్లింది. ఆయన అలాగే కమ్మీ పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. కూతురి ముఖం పాలిపోయింది.

అప్పుడు ఆయన తల తిప్పకుండానే, మా బస్సు చివరి సీటుదాకా వినపడేంత గొంతుతో అరిచాడు.

“నేను పట్టుకున్నాలే! నువ్వు ముందు ఆ కుక్కని పట్టుకో!”

కండక్టరమ్మ గబుక్కున గొలుసు రెండు చేతులతో లాగి పట్టుకుంది. “పట్టుకున్నాను అన్నయ్యా” అంది. ‘గారు’ కోసం నేను కాసేపు ఎదురుచూశాను. రాలేదు. ఆయన కూడా దానికోసం ఆగకుండా కిందికి దిగి, కర్ర తీసి ఇచ్చిన కోడలి భుజం మీద చెయ్యి వేశాడు.